ఆర్విల్ పార్టీ ఫిరాయింపు

మే నెలలో ఆ మంగళవారం పొద్దున ఆర్విల్ క్లైన్ పెట్టుకున్న పనులు రెండే. ఏడింటికల్లా మరదలికి ఓటేయడం, ఎనిమిదింటికల్లా ఇంటికొచ్చి టమాటా నారు నాటడం.

మరదలు నాడీన్ పాతికేళ్ళుగా బడి బస్సు నడుపుతోంది. వాగు మీద వంతెన మూతబడి మూడేళ్ళయింది. పిల్లలు చుట్టుతిరుగుడు దారిలో రోజూ నలభై నిమిషాలు అదనంగా కుదుపులు తింటున్నారు. ఊరి బోర్డులో సీటు పట్టుకు కూర్చున్న పెద్దమనిషికి చీమ కుట్టినట్టయినా లేదు. విసిగిపోయిన నాడీన్ అతని మీదే రిపబ్లికన్ ప్రైమరీలో పోటీకి దిగింది. అందులో గెలిచిన వాళ్ళే నవంబరు ఎన్నికల్లో ఆ పార్టీ అభ్యర్థి.

పోలింగు జరిగే ఫైర్ స్టేషన్ హాల్లో ఎన్నికల పని చూస్తున్న థెల్మా ఓటర్ల పుస్తకం చూసి, డెమోక్రాట్ల బ్యాలెట్ చేతికిచ్చింది.

"ఇది కాదు థెల్మా, నాది రిపబ్లికన్."

"పుస్తకంలో డెమోక్రాట్‌వి ఆర్విల్. జనవరి నుంచీ."

జనవరిలో, ఓటర్ల నమోదు కూడా జరిగే డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసుకు వెళ్ళినప్పుడు కళ్ళజోడు కారులో మరిచిపోయి, తెర మీద పార్టీ పేరుతో సహా తోచిన గడినల్లా నొక్కుకుంటూ పోయిన సంగతి అతనికప్పుడు గుర్తొచ్చింది.

"అయితే మార్చెయ్యి."

"గడువు రెండు వారాల కిందటే అయిపోయింది. నవంబరులో ఏ పార్టీ వాళ్ళకైనా వేసుకో, అడిగేవాళ్ళు లేరు. ఇవాళ మాత్రం ఏ పార్టీ వాళ్ళకి ఆ పార్టీ కాగితమే!"

ఆ కాగితంలో బోర్డు సీటుకి ఒక్క పేరూ లేదు. ఎవరి పేరైనా రాసుకోమని ఖాళీ గీత మాత్రం ఉంది. ఉసూరుమంటూ దాని మీద నాడీన్ పేరు రాసి బయటపడ్డాడు.

గుమ్మానికి దూరంగా డెమోక్రాట్ల బల్ల దగ్గర కూర్చున్న వెండెల్ లేచి కాఫీ అందించాడు.

"మాలో కలిశావటగా! ఎవరి పేరు రాశావేంటి?"

"మా నాడీన్ పేరే. ఆ పిల్లల అవస్థ చూడలేకపోతోందయ్యా అది!" అన్నాడు ఆర్విల్, కాఫీ అందుకుంటూ.

తొమ్మిదింటికి బేకరీలో 'ఆర్విల్ పార్టీ ఫిరాయించాడు' అన్నారు. పదకొండింటికి చర్చి వంటగదిలో అది 'మరదలి మీదే నిలబడ్డాడు' అయింది. సాయంత్రానికి పక్కింటావిడ వేడివేడి చికెన్ నూడుల్స్ గిన్నెతో వచ్చి, "ఆయన వదిలేసి పోయినా నీకు మేమున్నాం మార్లీన్" అని అతని భార్యను కావలించుకుంది. ఆర్విల్ పెరట్లో టమాటా నారుకు నీళ్ళు పోస్తున్నాడు.

మర్నాడు ఫలితం తెలిసింది. నాడీన్ ఒక్క ఓటుతో ఓడిపోయింది.

"ఒక్క ఓటు!" అంది మార్లీన్. "సమానమైతే చీటీలన్నా తీసేవారు. నా చెల్లెల్ని ఆ చీటీకి కూడా నోచుకోనివ్వలేదు నువ్వు!"

శుక్రవారం ఆర్విల్ మనసు గట్టి చేసుకుని క్షమాపణ చెప్పడానికి మరదలి ఇంటికి వెళ్ళాడు. తలుపు తీసేసరికి ఆమె ఏడుస్తోంది.

"తప్పైపోయింది నాడీన్..."

"నోరు మూసుకో బావా! ఇప్పుడే ఎన్నికల ఆఫీసు వాళ్ళు ఫోన్ చేశారు. డెమోక్రాట్లు నలభై ముగ్గురు వాళ్ళ కాగితం మీద నా పేరు రాశార్ట! వాళ్ళ అభ్యర్థి కావడానికి పది చాలుట. ఆ వెండెల్ వచ్చినవాళ్ళందరికీ నీ మాటే చెప్పాడట. నవంబరులో నేను డెమోక్రాట్ల అభ్యర్థిని!"

నవంబరులో ఏ పార్టీ వాళ్ళయినా ఎవరికైనా వేయొచ్చు. బస్సెక్కే పిల్లల తల్లిదండ్రులు పార్టీ చూడలేదు. రెండు వందల పైచిలుకు ఓట్లతో నాడీన్ గెలిచింది.

"నా సొంత ఇంటి తలుపు మూసుకుంటే పక్కింటి తలుపు తీయించాడు మా బావ" అని గెలిచిన రాత్రి ఆమె హాలు నిండా జనం ముందు చెబుతుంటే మార్లీన్ మొగుడి చెయ్యి పట్టుకుంది. ఆర్విల్ మాత్రం తనతో పాటు ఆమె పేరు రాసిన, చాలామట్టుకు తనెన్నడూ పలకరించి ఎరగని ఆ నలభై ఇద్దరినీ తలుచుకున్నాడు. వెండెల్‌ను వెతుక్కుంటూ వెళ్ళి అతని రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు ఊపాడు.

ఆ తర్వాత రెండు పార్టీల వాళ్ళూ అతన్ని తమవాడి కిందే జమకట్టి, ఎవరి సభ జరిగినా కుర్చీలు వేయడానికి పిలవసాగారు.