టర్కీ వచ్చిన ఆదివారం

ఆదివారం ఉదయం ఏడు గంటలకే వీరవేణి కొంగు నడుముకు దోపి, అలమర పైఅరలోంచి దళసరి అడుగున్న మూకుడు దింపింది. పదహారేళ్ళు కువైట్‌లో ఒకే ఇంట్లో వంట చేసి, తిరిగి వచ్చేటప్పుడు అపురూపంగా మోసుకొచ్చిన మూకుడది. వచ్చి రెండేళ్ళయినా దానికి ఇంతవరకూ పని తగల్లేదు.

ముందురోజు సాయంత్రం దానా పంపిన వాయిస్ మెసేజ్ ఒకటి ఫోన్లో వచ్చింది. దానా ఆ ఇంటి మనవరాలు. వీరవేణి వెళ్ళేనాటికి మూడేళ్ళ పిల్ల, ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. "వేణీ, గురువారాలు టర్కీ బర్గర్లు గ్రేవీలో వేసి పెట్టేదానివి చూడు, బామ్మ పోయాక అవి ఎవరికీ కుదరడం లేదు. ఎలా చేసేదానివో వీడియో తీసి పంపవా?" అని అరబీలో అడిగింది. వీరవేణి ఆ నాలుగు మాటలూ పదిసార్లు విని, పొయ్యి మీద పాలు పొంగించుకుంది.

ఆమె పట్టుదలకు ఇంకో కారణం ఆడపడుచు పాపాయమ్మ. "వంటలు చేసేదంట, వంటలు! అక్కడ అంట్లు తోమి ఉంటుంది" అని ఈ రెండేళ్ళలో కొత్తపేటలో ఆవిడ చెప్పని గుమ్మం లేదు. ఇవాళ ఒక గిన్నెడు పంపిస్తే తెలిసొస్తుందని వీరవేణి లెక్క.

"ఏవండీ, టర్కీ తెస్తారా?" అని భర్తను అడిగింది.

తాతబ్బాయి పేపరు దించాడు. "ఉన్న రెండూ బానే ఉన్నాయి కదే! నిన్ననే ఉతికి ఆరేసేవు."

"తువ్వాళ్ళు కాదండి బాబూ, కోడి! ఆలమూరులో బాబ్జీ గారు పెంచుతున్నారంట. ఒక్క కిలో చాలు. మాంసం కైమా కొట్టించి, ఎముకలు విడిగా కట్టించండి."

"ఆయ్" అని తాతబ్బాయి బండి తీశాడు. తిన్నగా వెళ్తే ఏ గొడవా లేకపోయేది. పాత బస్టాండు దగ్గర టీకొట్టు ముందు ఆగి బాబ్జీకి ఫోన్ చేశాడు. పదహారేళ్ళపాటు పెళ్ళాంతో ఫోన్లోనే కాపురం చేసినవాడు. గట్టిగా అరవకపోతే మాట సముద్రం దాటదని నమ్మకం. ఆలమూరుకు సముద్రం అడ్డు లేకపోయినా అలవాటు పోలేదు.

"బాబ్జీ గారండీ! ఇవాళ మధ్యాహ్నం మా ఇంట్లో భోజనానికి టర్కీ అండి! మావిడకి కువైట్ నుంచీ అలవాటండి! నేనే వచ్చి తీసుకెళ్తానండి!"

ఆ బల్ల మీదే దుర్గారావు టీ తాగుతున్నాడు. కొబ్బరి వ్యాపారి. తన కొబ్బరిపీచును విదేశాలకు పంపాలని ఐదేళ్ళుగా తపస్సు చేస్తున్నవాడు. టర్కీ, కువైట్, భోజనం, తీసుకెళ్తాను అన్న నాలుగు మాటలూ ఆయన చెవిలో ఒకే వరసలో కూర్చున్నాయి. వీరవేణి పాత యజమానులు టర్కీ దేశం నుంచి దిగుతున్నారన్నమాట! గ్లాసులో సగం టీ వదిలేసి లేచాడు. దారిలో కనబడిన ఇద్దరితో, ఎవరికీ చెప్పొద్దని చెప్పాడు. పదింటికల్లా ఆ సంగతి పాపాయమ్మ ఇంటి గుమ్మం ఎక్కింది.

"సొంత ఆడపడుచుకి చెప్పకుండా విందా!" అని పాపాయమ్మ బీరువా తెరిచి ఎర్ర పట్టుచీర తీసింది.

ఇటు తాతబ్బాయి గౌతమి వంతెన దాటి వెళ్ళి, పదకొండు అవుతుండగా పెద్ద స్టీలు డబ్బాతో దిగాడు. మూత తీసి వీరవేణి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"కిలో అన్నానా?"

"బాబ్జీ గారు పావు కోడిని అమ్మరంటే. కోస్తే మొత్తం తీసుకోవాలన్నారు. పెద్ద పుంజు. కైమాయే ఐదు కిలోలు తేలింది."

ఇంత మాంసం ఎవరు తింటారని సణుగుతూనే ఆమె పనిలో దిగింది. కిటికీలో ఫోన్ నిలబెట్టి వీడియో పెట్టింది. ఎముకలు నీళ్ళలో వేసి మరగనిచ్చింది. టర్కీ మాంసం స్వతహాగా పొడి. ఊరికే వేయిస్తే చెక్కముక్కలా అవుతుంది. అందుకే ఉల్లిపాయ తురిమి రసంతో సహా కలిపింది. పాలల్లో నానబెట్టిన రొట్టె, చెంచాడు వెన్న, మిరియాల పొడి వేసి, పిసక్కుండా వేళ్ళతో తేల్చి తేల్చి కలిపింది.

ఆ చల్లటి ముద్ద చేతికి తగలగానే ఆ వంటిల్లు కళ్ళ ముందుకొచ్చింది. ఏసీ చప్పుడు, కిటికీ బయట తెల్లటి ఎండ, బల్ల దగ్గర కుర్చీలో తస్బీ జపమాల తిప్పుతూ దానా బామ్మ ఉమ్ ఖాలిద్. ఆ ముసలావిడ భర్తతో ఎక్కడో చలిదేశంలో కాపురం చేసినప్పుడు నేర్చుకున్న వంట అది. మొదటిరోజు వీరవేణి అట్లకాడతో బర్గర్ బిళ్ళను నొక్కితే చేతి మీద చిన్నగా కొట్టింది. "నొక్కకు! రసమంతా మూకుడు తాగేస్తే మనం తినేదేమిటి?" అప్పట్లో ఆ వంటింట్లో నిలబడి కొత్తపేట తలుచుకుని ఏడ్చేది. ఇప్పుడు కొత్తపేటలో నిలబడి ఆ వంటింటిని తలుచుకుంటే కళ్ళు చెమర్చాయి. ఇదెక్కడి గోలో ఆమెకే అర్థం కాలేదు.

కొంత ముద్ద తీసి బిళ్ళలు తట్టి, రెండువైపులా ఎర్రగా కాల్చి తీసింది. అదే మూకుట్లో వెన్న, మైదా దోరగా వేయించి, ఎముకల రసం పోసి తిప్పింది. గ్రేవీ తేనెరంగులో చిక్కబడింది. బిళ్ళలు అందులోకి జార్చి, సన్నటి సెగ మీద మూతపెట్టింది.

అప్పుడు వినబడింది వాకిట్లో అలికిడి. తొంగిచూస్తే ముప్ఫైమంది! ముందు వరసలో దుర్గారావు, చేతిలో బంతిపూల దండ. వెనకాల నాలుగు గెలల బొండాలు.

దుర్గారావు మర్యాదస్తుడు. నేరుగా అడగలేక, అరుగు మీదున్న తాతబ్బాయి పక్కన చేరాడు. "టర్కీ... వచ్చేసేరాండీ?"

కోడిక్కూడా అంత గౌరవం ఇచ్చేడేమిటా అనుకున్నాడు తాతబ్బాయి. ఈయన మర్యాద ఈయనది. "ఆయ్, పదకొండింటికే వచ్చేసిందండి. నా బండి మీదే తీసుకొచ్చేను."

"అయ్యో, బండి మీదా! కారు పంపేవాణ్ణి కదండీ! ఇంతకీ ఆడావిడా?"

"కాదండి, పుంజే."

దుర్గారావు ఒక క్షణం తడబడి, యాస మాట కాబోలని సర్దుకున్నాడు. "ఎక్కడున్నారండీ? ఒక్కసారి దర్శనం..."

"వంటింట్లోనండి. కైమా కొట్టించేసేం కదా, ఇంకో పది నిమిషాల్లో ఉడికిపోద్ది."

దండ దుర్గారావు చేతిలోంచి జారి కాళ్ళ మీద పడింది. వెనకున్నవాళ్ళలో ఒకరు పోలీసులకి ఫోన్ చెయ్యమన్నారు.

వీరవేణి బయటికి పరిగెత్తుకొచ్చి సంగతి విప్పి చెప్పేసరికి అయిదు నిమిషాలు పట్టింది. ముప్ఫైమందీ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముందు ఎవరో కిసుక్కుమన్నారు, ఆ తర్వాత వాకిలంతా పగలబడి నవ్వింది. దుర్గారావు ఒక్కడే నవ్వలేదు.

"పనుందండి, వెళ్ళొస్తాం" అని అందరూ కదలబోయారు.

"భోజనం వేళకి వచ్చి ఎలా వెళ్తారండీ? కూర్చోండి" అంది వీరవేణి. అన్నాక గాని ముప్ఫైమంది అని గుర్తు రాలేదు. ఐదు కిలోల కైమా ఉందని ఆ తర్వాత గుర్తొచ్చింది. తాతబ్బాయిని అరిటాకులకీ అన్నానికీ పురమాయించి లోపలికి వస్తే, పొయ్యి దగ్గర ఎర్ర పట్టుచీరలో పాపాయమ్మ గరిటె పట్టుకుని నిలబడి ఉంది.

"నీ గ్రేవీ పాలిపోయి ఉంది అమ్మాయ్. జ్వరమొచ్చినవాళ్ళ తిండిలాగ! సరిచేసేను."

గ్రేవీ ఎర్రగా కుతకుతలాడుతోంది. కారం, అల్లంవెల్లుల్లి, గరంమసాలా, కొబ్బరిపాలు. ఉమ్ ఖాలిద్ వంట పదిహేను నిమిషాల్లో కోనసీమ కోడికూర అయి కూర్చుంది. వీరవేణికి ఏడుపొచ్చింది. కానీ వాకిట్లో ఆకులు వేసేశారు. కళ్ళు తుడుచుకుని మిగతా కైమా అంతా బిళ్ళలు చేసి కాల్చి, ఆ ఎర్రటి గ్రేవీలోనే వేసింది. ఒక్కటీ నొక్కలేదు. పక్కనే నిలబడి ఆ చేతుల వేగం చూసిన పాపాయమ్మ కాసేపటికి మెల్లగా అడిగింది.

"అయితే అక్కడ నిజంగానే వంట చేసేదానివా?"

"ఆయ్ వదినగారండీ. రోజుకి పధ్నాలుగు మందికి."

పాపాయమ్మ వడ్డన గిన్నె అందుకుని తనే బయటికి నడిచింది.

జనం బిళ్ళను గ్రేవీలో ముంచుకుని, గారెలూ కోడికూరా తిన్నట్టే తిన్నారు. విరిస్తే రసం వేళ్ళ మీద కారుతోంది. దుర్గారావు నాలుగు తిని, బొండాలన్నీ ఇక్కడే ఉంచేసి వెళ్ళాడు. తాతబ్బాయి ఆరో బిళ్ళ దగ్గర తలెత్తి, "ఇన్నేళ్ళూ ఇవి అక్కడివాళ్ళకి పెట్టేవా?" అన్నాడు, కాస్త నిష్ఠూరంగా.

సాయంత్రం తీరిగ్గా చూసుకుంటే వీడియోలో అంతా పడింది. చివర్లో ఎర్రచీర పాపాయమ్మ అటూ ఇటూ చూసి, కారం డబ్బా మూత తీయడంతో సహా. ఆ ముక్క కోసేద్దామని వీరవేణి తంటాలు పడుతుండగా, సాయం చేస్తానని ఫోన్ అందుకున్న తాతబ్బాయి వేలు తగిలి అది కాస్తా కువైట్ వెళ్ళిపోయింది. ఆ పిల్ల ఎంత నిరాశపడుతుందోనని ఆమె బెంగపెట్టుకుంది.

గంట తర్వాత జవాబొచ్చింది. మళ్ళీ దానా గొంతే.

"వేణీ, ఆ ఎర్రచీరావిడ ఎవరు? చివర్న వేసిందే, అదీ! బామ్మ నిద్రపోయాక నువ్వు నీ కంచంలో ఎర్రగా కలుపుకుని నాకు ముద్దలు పెట్టేదానివి గుర్తుందా? నేను అడిగింది ఆ బర్గర్ల గురించే. బామ్మవి నాకెప్పుడూ నచ్చలేదు."

వీరవేణి ఆ మాటలు మళ్ళీ మళ్ళీ వింది. అవును, ఇంటినుంచి తీసుకెళ్ళిన కారప్పొడి కలుపుకునేది. పక్కన గౌను పట్టుకుని నిలబడి నోరు తెరిచే ఆ చిన్నపిల్ల మాత్రం ఇన్నాళ్ళూ ఆమెకు గుర్తు రాలేదు.

"ఏవంటుంది?" అన్నాడు అరబీ రాని తాతబ్బాయి.

"బాగుందంటుందండి" అంది, మొహం అటు తిప్పుకుని.

ఇప్పుడు కొత్తపేటలో ఆ వంటకం పేరు పాపాయమ్మగారి టర్కీ. వండేది మాత్రం వీరవేణే.