కడుపు చెల్లెలిది, మాట వకీలుది

మనుషులు ఒకరినొకరు నమ్ముకోవడం ఎంత ప్రమాదకరమో ప్రభుత్వం కనిపెట్టిన నాడే నాగరికత మొదలైందని చెప్పాలి. అంతకుముందు జనం నోటిమాట మీద బతుకుతూ, ఎలాగో నెట్టుకొచ్చేవారు. ఇప్పుడు ఎవరి వకీలు వారికున్నారు. మరీ ముఖ్యంగా, ఒకరి బిడ్డను మరొకరు మోసే సరోగసీ వ్యవహారంలో మోసేవారికీ మోయించుకునేవారికీ వేర్వేరుగా స్వతంత్ర వకీళ్లు ఉండి తీరాలని నియమం. నియమం మంచిదే, ఎవరూ కాదనరు. మంచి నియమాన్ని దాని మానాన వదిలేయలేక, దాన్ని కాపాడటానికి స్వతంత్రతా పరిరక్షణ కార్యాలయం అని ఒకటి పెట్టారు.

దర్జీ పని చేసే చెల్లెలు, కళ్లజోళ్ల కొట్టులో పని చేసే అక్క ఒకే ఇంట్లో కింద వాటాలోనూ పై వాటాలోనూ ఉంటారు. అక్కకు ఎన్నిసార్లు కడుపొచ్చినా నిలవలేదు. ఒకనాటి సాయంత్రం ఎవరిదో ప్యాంటు అంచు మడిచి కుడుతూ, తలెత్తకుండానే చెల్లెలు అంది, "నేను మోసిపెడతాలే అక్కా." అక్క కళ్లజోడు తీసి తుడుచుకుంది, పెట్టుకుంది, మళ్లీ తీసింది. బేరసారాలు అంతటితో ముగిశాయి. (ఇంత బాధ్యతారహితంగా కుదిరిన ఒప్పందం తమ అనుభవంలో లేదని కార్యాలయం తర్వాత నమోదు చేసింది.)

చెల్లెలికి ఉన్నది ఒక్కటే షరతు. తన కూతురు పుట్టినప్పుడు వరండాలో ఎవరో సంతకం పెట్టారు, లోపల ఎవరో కోశారు. కోసినందుకు ఆమెకు కోపం లేదు. తనను ఒక్క మాట అడగనందుకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. దానికి తోడు ఆ కుట్టు వంకర. తన దుకాణంలో ఎవరైనా అలాంటి కుట్టు వేస్తే విప్పించి మళ్లీ వేయించేది. అందుకని ఈసారి ఒప్పందంలో ఒక వాక్యం ఉండాలని పట్టుబట్టింది. ప్రసవ గదిలో నా ఒంటికి ఏం చేయాలన్నా ముందు నన్ను అడగాలి.

"అడక్కుండా ఎలా చేస్తారే?" అంది అక్క.

"పోయినసారి చేశారుగా" అంది చెల్లెలు.

కార్యాలయం ఆమెకిచ్చిన మొదటి వకీలు ఒక పెద్దావిడ. చెప్పింది శ్రద్ధగా విన్నది, వాక్యం రాసుకుంది, "న్యాయమైన కోరికే తల్లీ" అని కూడా అన్నది. అది స్వతంత్రతా పరిశీలనాధికారి చెవిన పడింది. ఆయన ఎవరి ముఖం వైపూ మొగ్గు చూపకూడదని, మాట్లాడేటప్పుడు గోడ గడియారాన్నే చూసే నిష్ఠాపరుడు.

"ఈ వకీలుగారు మీకు ముందే తెలుసా?" అని గడియారాన్ని అడిగారాయన.

"ఆవిడ నల్లకోటు కుట్టింది నేనే సార్."

"అంటే ఆవిడ కొలతలు మీ దగ్గరున్నాయి" అన్నారు అధికారి విచారంగా. పెద్దావిడను తప్పించారు. రెండో వకీలు కాలేజీలో అక్క తరఫు వకీలుతో ఒకే బెంచీ మీద కూర్చున్నాడని తేలింది. మూడో ఆయన చెల్లెలు మాట్లాడుతుండగా తలూపాడు. తలూపడాన్ని మించిన పక్షపాతం లేదు కాబట్టి ఆయనా పోయాడు.

నాలుగో ఆయన దొరికాక కార్యాలయం ఊపిరి పీల్చుకుంది. ఆయన ఎవరికీ ఏమీ కాడు. ప్రత్యర్థుల రాతల ప్రభావం పడుతుందని ఒప్పందం చదవలేదు. క్లయింటు ప్రభావం పడుతుందని చెల్లెలిని కలవలేదు. ఆమె ఫోన్ చేస్తే గుమాస్తా తీసి, "సార్ మీ నుంచి కూడా స్వతంత్రంగా ఉన్నారమ్మా" అని చెప్పి పెట్టేసేవాడు. ఆయన్ను ఆ ఏటి ఆదర్శ వకీలుగా సన్మానించారు.

చెల్లెలికి కడుపు నిలిచాక అక్క భర్తకొక వకీలు, చెల్లెలి భర్తకొక వకీలు వచ్చారు. లిఫ్టులు బాగుచేసే ఆ భర్త, భార్య కాళ్లు పట్టడం ఒక పక్షానికి అనుచిత లబ్ధి చేకూర్చడం అవుతుందా అని రాతపూర్వకంగా అడగాల్సి వచ్చింది. (ఎడమ కాలికి అనుమతి వచ్చింది. కుడికాలు పరిశీలనలో ఉంది.) పుట్టబోయే బిడ్డకూ వకీలును పెట్టాలనుకున్నారు గానీ, సదరు బిడ్డ ఒక పక్షం కడుపులోనే మకాం పెట్టినందున స్వతంత్రత సందేహాస్పదమని ఆపేశారు.

ఇక అక్కాచెల్లెళ్లు నేరుగా మాట్లాడుకోకూడదన్నారు. అక్కకు ప్రాణం ఊరుకోదు. మేడ మెట్ల మీద నిలబడి చెల్లెలి కుట్టుమిషన్ చప్పుడు వింటూ, తిన్నదో లేదో అని గుంజాటన పడేది. చివరికి ఆమె వకీలు నోటీసు పంపాడు. "మా క్లయింటు హక్కులకు భంగం కలగకుండా, మీ క్లయింటు మధ్యాహ్నం భోంచేశారా అని తెలుసుకోగోరుతున్నాము." జవాబు వారం తర్వాత వచ్చింది. "ఆరోపణను పూర్తిగా ఖండిస్తున్నాము."

చెల్లెలు పడీపడీ నవ్వింది, ఆ నవ్వు పై వాటాలోకి వినిపించింది. ఆ రాత్రి అక్క కాస్త నిద్రపోయింది.

ఒప్పందంలో మిగతావన్నీ మొదట్లోనే ఖరారయ్యాయి. ఆ ఒక్క వాక్యం చోటు మాత్రం తర్వాత పూరించబడును అని ఖాళీగా ఉంచారు. ఫైలు కన్నా కడుపు వేగంగా పెరిగింది. నెలలు నిండుతున్నాయని భయం పట్టుకుని, చెల్లెలు ఆయాసపడుతూ కార్యాలయానికి వెళ్లింది.

"నా వాక్యం సంగతి ఏమైంది సార్?"

"మీ వకీలుగారు అడగాలమ్మా. మీరు అడిగితే ఆయన పనిలో జోక్యం అవుతుంది."

"ఆయనకి నా కోరికేంటో తెలీదు కద సార్."

"తెలీదు" అన్నారు అధికారి గడియారం వైపు గర్వంగా చూస్తూ. "అందుకే ఆయన మాటకి అంత విలువ."

నొప్పులు రానే వచ్చాయి. ఆసుపత్రి వరండాలో వకీళ్లు ఒకరి ముఖం ఒకరికి కనపడకుండా తలో గోడ వైపు తిరిగి కూర్చున్నారు. చెల్లెలి వకీలు మాత్రం క్లయింటు ఉన్న భవనంలోకి రాలేనని, ఎదురు రోడ్డులో గొడుగేసుకుని నిలబడ్డాడు. డాక్టరమ్మ బయటికొచ్చి, బిడ్డ అడ్డం తిరిగిందనీ, కోయాల్సి రావచ్చనీ, ఎవరిని అడగాలో చెప్పమనీ అంది. ప్రశ్నను రాతపూర్వకంగా ఇమ్మన్నారు. గోడ గడియారం లేని ఆ వరండాలో అధికారి ఎటు చూడాలో తెలీక చేతి గడియారం చూసుకున్నారు.

లోపల చెల్లెలికి ఆ దీపాలు, ఆ వాసన, తలుపవతల గుసగుసలు అన్నీ పోయినసారిలాగే ఉన్నాయి. మళ్లీ అదే అవుతుందని ఏడుపొచ్చింది. ఇంతలో తలుపు తోసుకుని, చెప్పులు కూడా విడవకుండా అక్క వచ్చింది. రాకూడదని నియమం. వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఏం చేయమంటావే? కోయమననా, ఆగమననా? నువ్వే చెప్పు."

చెల్లెలు ఊపిరి కూడదీసుకుంది. "కాసేపు ఆగమను. తప్పదంటే కోయమను. కోసేముందు నాకు చెప్పమను. కుట్టేటప్పుడు తిన్నగా కుట్టమను."

వెనకే వచ్చి అంతా విన్న డాక్టరమ్మ కాసేపు ఆగింది. తప్పలేదు. చెప్పింది, "సరేనా?" అని అడిగింది, "సరే" అనిపించుకుని కోసింది. ఆడపిల్ల. అక్క బిడ్డను చూసి ఏడ్చింది, చెల్లెలిని చూసి ఇంకా ఏడ్చింది. చెల్లెలికైతే ఒళ్లంతా పచ్చిపుండులా ఉన్నా మనసు తేలికపడింది.

చిల్లర అతిక్రమణలన్నీ క్షమించి, కార్యాలయం ఒప్పందాన్ని ఖాయం చేసింది. ఒక్క చెల్లెలి జవాబును మాత్రం రికార్డు నుంచి తొలగించింది. కోతకు గురైన శరీరంలో ఆమెకు స్వప్రయోజనం ఉన్నట్టు విచారణలో తేలినందున, ఆమె మాటను స్వతంత్ర అభిప్రాయంగా పరిగణించలేమని తెలియజేసింది.