సామ్యేల్ ఇంటి తుప్పు గోడ

"తుప్పే నాగరికతకు గుర్తు!"

గోదావరిఖనిలో కొత్తగా కట్టుకున్న ఇంటి హాల్లో నిలబడి సామ్యేల్ ఈ మాట ప్రకటించేసరికి, భార్య సత్యవతి చేతిలో చీపురు జారిపడింది.

కారణం గట్టిదే. కొడుకు టోనీకి కాసిపేట సంబంధం వచ్చింది. పిల్ల తండ్రి ఎలీషా, రిటైరైన ఇంజనీరట! ఇంజనీరు ముందు తగ్గడమా? ముప్పై ఏళ్లు బొగ్గుబాయి మీద ల్యాంపు రూంలో కార్మికులకు లైట్లిచ్చి రిటైరైన సామ్యేల్, ఫోన్లో తడుముకోకుండా "మేనేజరు చేసిన" అనేశాడు. మరి మేనేజరు ఇంటికి మేనేజరు గోడ ఉండొద్దూ? గొప్పోళ్లు పాత రేకులను తుప్పుతో సహా హాలు గోడకు బిగించుకుంటున్నారని వీడియోలో చూశాడు.

"కోళ్లగూటి రేకులు హాల్ల పెడ్తవా? పిల్లదిక్కోళ్లు గేటుకాడికెల్లే ఉరుకుతరు!"

"నీకేం ఎరుకనే! ఎంత తుప్పుంటే అంత ఇజ్జత్!"

పాత ఇనుప సామాన్ల దుకాణంలో "ఇంకా పాడైనవి లేవా?" అని గుచ్చి గుచ్చి అడిగాడు. పుట్టి బుద్ధెరిగాక అలాంటి బేరం వినని దుకాణదారు, జ్వరమేమోనని నుదురు ముట్టి చూశాడు.

రేకులు బిగించమని పాత దోస్తు, ఫిట్టర్ ఆగయ్యకు తాళంచెవి ఇచ్చి, భార్యతో మంచిర్యాలకు చీర కొనడానికి పోయి, రాత్రి అక్కడే చుట్టాలింట్లో ఉండిపోయాడు సామ్యేల్. మర్నాడు తిరిగొచ్చేసరికి, ఇల్లు చూడడానికొచ్చిన ఎలీషా దంపతులు అప్పుడే గేటు దగ్గర దిగుతున్నారు. తలుపు తీస్తే ఏముంది! గోడంతా కొత్త పాలక్యానులా ధగధగ!

ఆగయ్య కుంచె తుడుస్తున్నాడు. "నిన్నెవడో మంచిగ ముంచిండన్నా! గంత తుప్పు చూస్తే నా చెయ్యి ఊకుంటదా? గరుకు కాయితంతోని గీకి, సిల్వర్ ఏసిన. ఇగ ఫికర్ లేదు!"

తుప్పు చూస్తే ఊరుకునేవాడు ఫిట్టరెలా అవుతాడు? అయినా సామ్యేల్ మేనేజరు కదా, చుట్టాల వైపు తిరిగి నవ్వాడు.

"ఇది... ఢిల్లీ కళాకారుడు చేసిందండి."

కళాకారుడెక్కడున్నాడా అని ఆగయ్య వెనక్కి తిరిగి చూశాడు.

ఎలీషా ఏమీ వినడం లేదు. గోడ దగ్గరికి పోయి గోటితో గీకాడు, వేలితో కొట్టి విన్నాడు. మొహం వెలిగిపోయింది.

"వారెవ్వా! కింద తుప్పు పట్టకుంట రెడ్ ఆక్సైడ్ ఏసినంకనే సిల్వర్ ఏసిండ్రు! బోల్టు బోల్టుకు వాషరు! ముప్పై ఏండ్లు ఫిట్టరు పని చేసిన, గిసొంటి చెయ్యి..."

ఎలీషా భార్య అతని డొక్కలో పొడిచింది. ఆలస్యమైపోయింది.

"ఇంజనీరంటిరి గదా?" సామ్యేల్ ఛాతీ విరిచాడు.

"ఫిట్టరైతే తక్కువనా అన్నా?" ఆగయ్యకు కోపమొచ్చింది. "నువ్వు మాత్రం ల్యాంపు రూంల లైట్లియ్యలేదా?"

ఎలీషా సామ్యేల్‌ను చూశాడు. సామ్యేల్ నేలను చూశాడు. తర్వాత ఎలీషా పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నీ అసొంటోళ్లిచ్చిన లైటు పట్టుకునే గదా బావా, మేం బాయిల దిగింది!"

పావుగంటలో పెళ్లి ఖాయం! మిఠాయి నోట్లో ఉండగానే కార్డు రాయడానికి కూర్చున్నారు.

"మనకైతే తెలిసిపాయె," అన్నాడు ఎలీషా గంభీరంగా. "గానీ కార్డు నలుగురు చదువుతరు గదా బావా."

"అవు మరి!" అని సామ్యేల్ కలం తీశాడు. వరుని తండ్రి: రిటైర్డ్ జనరల్ మేనేజరు. వధువు తండ్రి: రిటైర్డ్ చీఫ్ ఇంజనీరు.