మునగచెట్టు మీద మునగ పథకం

"ఇంటింటా కూరగాయల తోట" పథకం దేశానికే దారి చూపుతుందని శాన్ అగపీతో అనే బరంగాయ్‌కి, అంటే ఆ ఊరికి, పెద్ద అయిన కెప్టెన్ రొహేలియో గారు మనీలా దాకా వినపడేలా మైకులో ప్రకటించారు. దేశం దారి తెలీక నిలబడిపోయి ఉందన్న సంగతి జనానికి ఆ రోజే తెలిసింది.

పథకానికి ముందు కావాల్సింది ఫ్లెక్సీ. విత్తనాలదేముంది, ఎప్పుడో ఒకప్పుడు వస్తాయి. చేత్తో వంకాయ పట్టుకుని కెప్టెన్ గారు నవ్వుతున్న ఫ్లెక్సీని రోడ్డు మలుపులో ఇస్కా ఇంటి గోడకు కట్టారు. పెరట్లోని మునగచెట్టుకు పోయేకాలమొచ్చి, సరిగ్గా ఆయన మొహం మీదికే కొమ్మ చాచింది.

ఇస్కాకి ఆ చెట్టే సంత. కూతురు మారివిక్ పచ్చి బాలింత. పాలు చాలక పసిగుడ్డు గుక్కపట్టి ఏడుస్తుంటే, రోజూ ఇంత మునగాకు దూసి, పచ్చి బొప్పాయి వేసి, పులుసు కాచి తాగిస్తోంది. పాలు ఇప్పుడిప్పుడే పడుతున్నాయి.

చెట్టు కొట్టేయడానికొచ్చిన పథకం వాలంటీర్లను, పిల్ల కాస్త తేరుకునేదాకా ఆగమని కాళ్లావేళ్లా పడి బతిమాలింది.

"తోటల పథకానికి చెట్టు అడ్డుపడితే ఎలా నానాయ్, నువ్వే చెప్పు" అన్నాడు వాళ్ల పెద్ద బెర్తో, కన్నతల్లిని పిలిచినట్టే నానాయ్ అని పిలుస్తూ, ఎంతో మర్యాదగా. అంతే మర్యాదగా నరికించాడు. ఆకంతా వాలంటీర్ల కోడిపులుసులోకి పోయింది. సేవ చేసినవాళ్లు తినొద్దూ మరి.

ప్రారంభోత్సవం నాడు ఆ ఫ్లెక్సీ ముందే కెప్టెన్ గారు ఇస్కాను పిలిచి కుండీ చేతిలో పెట్టారు. కుండీ మీద ఆయన బొమ్మ, లోపల మూరెడు మునగకొమ్మ. ఇస్కా బట్టలారేసుకునే తాడు ఒరుసుకున్న గాటు దాని మీద ఇంకా ఉంది. కొమ్మ ఎలా పాతాలో, బియ్యం కడిగిన నీళ్లు ఎలా పోయాలో బెర్తో ఆమెకు ఓపిగ్గా నేర్పాడు. ఆర్నెల్లు ఆగితే ఆకు చేతికొస్తుందన్నాడు.

"చెప్పు నానాయ్, మా పథకం రాకముందు నీ పెరట్లో ఏముండేది?" అడిగారు కెప్టెన్ గారు, మైకు ఆమె నోటి దగ్గర పెట్టి.

"మునగచెట్టు, కెప్టెన్ గారూ."

కెప్టెన్ గారు మైకు వెనక్కి లాక్కున్నారు.

"విన్నారుగా. అప్పుడూ మునగే, ఇప్పుడూ మునగే. నిలకడైన తోట అని మేం మొదట్నుంచీ చెబుతున్నది దీన్నే."

చప్పట్లు మోగాయి. ఫ్లెక్సీ వెనకాల ఇంట్లో పసిగుడ్డు లేచి ఏడుపు అందుకుంది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయినా ఆపలేదు.

మైకు సౌండు కాస్త పెంచమన్నారు కెప్టెన్ గారు.