టీవీకి పటిక నీళ్లు

ఆ ఆదివారం వేసుకున్న పథకం చాలా తేలికైనది. తొమ్మిదికి టీవీ పెట్టాలి, పదికి రంగులు సరిచేయాలి, పదకొండుకి పలావు దించాలి. పన్నెండుకి వీధి వీధంతా వచ్చి కూర్చుని, పనిలో గురువని ఊరంతా ఉస్తా అని పిలిచే మర్గిలాన్ రంగరేజు తుర్సునాలిని తెరమీద చూడాలి.

తాష్కెంట్ టీవీవాళ్లు వసంతంలో వచ్చి ఆయన పట్టునూలు అద్దకాన్ని ఫిల్ము తీసి పట్టుకెళ్లారు. అది వేసేది ఈ రోజే. మూడిళ్ల అవతలి ఎర్గాష్ కూడా రంగరేజే. "తుర్సునాలి ఎరుపు మంజిష్ఠ వేరుది కాదు, కొట్లో కొన్న పొడిది" అని నెల రోజులుగా టీ దుకాణంలో చెప్పుకు తిరుగుతున్నాడు. తన ఎరుపేమిటో ఊరంతా కళ్లారా చూడాలనే, ఉస్తా ఫెర్గానాలో ఎవరో వాడి అమ్మిన రంగుల టీవీ తెచ్చాడు. బీరువా అంత చెక్కపెట్టె. నలుగురు మోశారు.

కోడలు మస్తూరా తెల్లవారకముందే లేచి దాన్ని తడిగుడ్డతో తుడిచింది. అప్పటినుంచీ ఆమెకి భయమే. నీళ్లు లోపలికి పోయాయేమో, వెనకభాగం వేడెక్కి పేలుతుందేమో, ఆ వెలుగు పాప కళ్లకి మంచిది కాదేమో. పాప ఉయ్యాలని మూడుసార్లు జరిపి చివరికి వరండాలో పెట్టింది.

ఆమె భర్త రహీం ఇంటికప్పు మీద యాంటెన్నా పట్టుకున్నాడు.

"మక్కా వైపు కొంచెం తిప్పరా," కిందనుంచి ఉస్తా అన్నాడు. "ఎక్కువైంది. మరీ అంత భక్తి వద్దు."

బొమ్మ వచ్చింది. వార్తలు చదివే ఆవిడ మర్గిలాన్ పట్టు గౌను వేసుకుని కూర్చుంది. ఉస్తా తన ఎర్రనూలు చిలపొకటి తెచ్చి తెర పక్కన వేలాడదీసి, గౌనులోని ఎరుపు దానితో కలిసేదాకా మరలు తిప్పాడు. ఎరుపు కలిసింది. ఆవిడ మొహం ఆకుపచ్చగా మారింది.

"పాపం, ముల్లంగాకులా అయిపోయింది," అంది ఆయన భార్య సబోహత్.

"మొహం అద్దింది దేవుడు. దానికి నేను జవాబు చెప్పక్కర్లేదు. ఎరుపు నాది."

పన్నెండయింది. గది నిండింది. ఎర్గాష్ ఒక్కడే రాలేదు. తెరమీద ఉస్తా పెరడు కనిపించింది, కాగు కనిపించింది, ఉస్తా కనిపించాడు. అన్నీ బూడిద రంగులో. వసంతంలో టీవీవాళ్లు తెచ్చింది నలుపు తెలుపు ఫిల్మని అక్కడెవరికీ తెలియదు.

"రంగేదీ?" అన్నాడు ఉస్తా. మరలన్నీ తిప్పాడు. బూడిద ముదిరింది, తేలింది, అంతే.

"వచ్చిందా?" కప్పు మీదనుంచి రహీం.

"పోయింది," అన్నారు పదిమంది.

సబోహత్ మెల్లగా తల తిప్పింది. "పొద్దున దీన్ని తుడిచిందెవరు?"

"నేనే అత్తయ్యా. తడిగుడ్డతో."

అందరూ రంగరేజుల ఇళ్లవాళ్లే. తడి తగిలితే ఏమవుతుందో ఒకరు చెప్పక్కర్లేదు.

"రంగు దిగిపోయింది," అంది సబోహత్. "రంగు నిలిచేలా పటిక పట్టించని సరుకు ఎవరో అంటగట్టారు మనకి. లే, బిందెడు నీళ్లలో గుప్పెడు పటిక వేసి పట్రా."

మస్తూరా కలుపుకొచ్చింది. కోడలి చేతికివ్వడం ఇష్టంలేక ఉస్తా తనే గుడ్డ ముంచి, నూలుకి పట్టించినట్టు పైనుంచి కిందికి తుడవసాగాడు. తెరమీద ఉస్తాని చూడడానికి వచ్చిన జనం పన్నెండు నిమిషాలపాటు తెర తుడుస్తున్న ఉస్తా వీపు చూశారు.

చిత్రం అయిపోయింది. వార్తల ఆవిడ మళ్లీ వచ్చింది. గౌను ఎర్రగా, మొహం ఆకుపచ్చగా.

"పట్టింది!" అని గది మొత్తం ఒక్కసారిగా అరిచింది.

ఉస్తా మాత్రం గుడ్డ బిందెలో పడేసి కూలబడ్డాడు. "పట్టి ఏం లాభం? నా ఎరుపు ఒక్కడూ చూడలేదు. రేపు టీ దుకాణంలో వాడి నోరు ఎవరు మూస్తారు?" తలుపు చాటున మస్తూరా కళ్లు తుడుచుకుంటోంది.

అప్పుడు ఎర్గాష్ లోపలికి వచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"తప్పయింది ఉస్తా. లెక్కపెట్టాను. ముంచి, ఆరబెట్టి, మళ్లీ ముంచి, తొమ్మిదిసార్లు. కొట్టు పొడికి ఒక్క ముంచు చాలు. నీది వేరు ఎరుపే. రేపు దుకాణంలో నేనే చెప్తాను."

"ఎక్కడ చూశావు?" అన్నాడు ఉస్తా నమ్మలేక.

"మా ఇంట్లో. ఆ పాత నలుపు తెలుపు డొక్కులో."

సబోహత్ పలావు వడ్డించడానికి లేచింది. ఎర్గాష్ మాత్రం తెరవైపే చూస్తున్నాడు. "ఎరుపు భలే నిలిచిందే. ఏం చేశారమ్మా?"

మస్తూరా ఆ రోజు మొదటిసారి తలెత్తి మాట్లాడింది. "బిందెడు నీళ్లకి గుప్పెడు పటిక, బాబాయ్. పైనుంచి కిందికి తుడవాలి."

ఎర్గాష్ ఇప్పటికీ ప్రతి ఆదివారం తుడుస్తున్నాడు. ఆయన టీవీకి ఇంకా రంగు పట్టలేదు.