స్వామి పటం క్యాంపుకు వెళ్లిన రోజు

శనివారం తెల్లవారుజామున ఐదు గంటలకు మోహన్‌కుమార్ తన సొంత ఇంట్లో దొంగలా అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తున్నాడు. మూకండపల్లిలో అతనికున్నవి రెండే గదులు. ముందు గదిలో చిన్నాయన పిల్లప్ప, ఆయన భార్య దొడ్డమ్మ నిద్రపోతున్నారు. కంటి పరీక్షకని రెండు రోజులకు వచ్చారు. ఎనిమిది నెలలయింది. కళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయని డాక్టరు మొదటి వారంలోనే చెప్పాడు.

మోహన్‌కుమార్ చెడ్డవాడు కాడు. పొమ్మనడానికి నోరు రాదు, అంతే. కానీ భార్య సుమ, తొమ్మిదేళ్ల కూతురు భూమిక, తను, ముగ్గురే కూర్చుని అన్నం తిని ఎనిమిది నెలలయిందన్న బాధ అతన్ని లోపల్లోపల తినేస్తోంది. అందుకే ఫ్యాక్టరీలో మూడు వారాలు ఇంకొకడి షిఫ్టులు కూడా నెత్తినేసుకుని రెండు రోజుల సెలవు సంపాదించాడు. కృష్ణగిరి డ్యాము పార్కు, ఆ తర్వాత డెంకణికోట, అక్కడినుంచి అడవి అంచున ఆన్‌లైన్‌లో బుక్ చేసిన క్యాంపు స్థలం. ఒక టెంటు, ముగ్గురు మనుషులు. నాలుగో మనిషి గొంతు కూడా వినబడకూడదని ఫోను ఆపేశాడు.

టెంటు, స్టవ్వు, పరుపు, బకెట్టు పాత వ్యానులోకి చేరాయి. చివరికి సుమ దేవుడి గూట్లోంచి వెంకటరమణస్వామి పటం, వంటింట్లోంచి పాలగిన్నె తెచ్చింది.

"అవెందుకు?" అని మోహన్‌కుమార్ గుసగుసగా అడిగాడు.

"కొత్త చోట పొయ్యి ముట్టిస్తా ఉండాము. స్వామి ముందర పాలు పొంగించకుండా ఎట్లా వండేది?"

స్వామి వ్యాను ముందు అద్దం దగ్గర కొలువుదీరాడు.

వ్యాను చప్పుడుకు పిల్లప్ప లేచి కిటికీలోంచి చూశాడు. కళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయి కదా, అన్నీ కనబడ్డాయి. పరుపు పోతోంది, స్టవ్వు పోతోంది, అంతవరకూ ఆయన కంగారు పడలేదు. పటం పోతోంది. దేవుడి పటమూ పాలగిన్నే గడప దాటాయంటే అర్థం ఒకటే, సంసారం ఇల్లు మారుతోంది. మోహన్‌కుమార్‌కు ఫోను చేస్తే మోగలేదు. వెంటనే జవళగిరిలో ఉన్న సుమ తండ్రి చెన్నరాయప్పకు చేశాడు.

"నీ అల్లుడు ఇల్లు ఖాళీ చేసి పోయినాడప్పా. స్వామిని కూడా ఎత్తుకొని పోయినాడు. యాడికని ఒక మాట చెప్పలేదు."

డ్యాము పార్కులో ముగ్గురూ చేపల వేపుడు తిన్నారు. నీళ్లు చూశారు. భూమిక అదే పనిగా నవ్వింది. ఆ గంటసేపే ఆ ప్రయాణం అనుకున్నట్టు జరిగింది. అటుపక్క వార్త మాత్రం వాళ్లకంటే వేగంగా పోతోంది. పని పోకపోతే ఇల్లెందుకు ఖాళీ చేస్తాడని ఒకరన్నారు. వాళ్లు డెంకణికోట చేరేసరికి అతని పని కూడా పోయింది.

డెంకణికోటలో సుమ అక్క మంజులమ్మ, పుట్టింటికి పోవాలన్నా ఈ దారే కదా అని, రోడ్డు నడిమధ్యన రెండు చేతులూ చాచి నిలబడింది. వ్యాను ఆగక తప్పలేదు.

"దిగి తినండి. ఏమీ చెప్పొద్దు. నేను ఏమీ అడగను," అంది. వచ్చిన కష్టం గురించి సూటిగా అడగడం ఆ ఇంట్లో మర్యాద కాదు.

"అడిగేదానికి ఏముండాది వదినా? ఈ రాత్రికి టెంటులో పండుకోను పోతా ఉండాము," అన్నాడు మోహన్‌కుమార్ హుషారుగా.

"నగుతా చెప్తా ఉండాడే," అంటూ మంజులమ్మ చెల్లెల్ని పట్టుకుని భోరుమంది. అతను ఎంత వివరంగా చెబితే ఆమె అంత ఎక్కువ ఏడ్చింది. వాళ్లు బయల్దేరేటప్పటికి వ్యానులో ఒక రాగుల మూట, పైన ఒక నులక మంచం, వెనక బతుకు ఆధారానికని ఒక ఆవుదూడ ఉన్నాయి. దూడ దారి పొడవునా భూమిక చెవి నాకుతూనే ఉంది.

అడవి చెక్‌పోస్టు దగ్గర గార్డు చెన్నకేశవ వ్యాను చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"ఇది రిజర్వు ఫారెస్టప్పా. ఈడ కాపురం పెట్టకూడదు."

"కాపురం కాదు సార్, క్యాంపు."

"క్యాంపుకు మంచమెందుకు? దూడెందుకు? ఆ పటమెందుకు?"

"పటం పాలు పొంగించేదానికి సార్," అని సుమ సాయం చేసింది. దాంతో ఉన్న కాస్త ఆశా పోయింది.

బుకింగు చూపించడానికి మోహన్‌కుమార్ ఫోను ఆన్ చేశాడు. మిస్డ్ కాల్స్ డెబ్బై ఒకటి. వాటిని పక్కకు జరిపేలోపే డెబ్బై రెండోది మోగింది.

"అడవికెందుకప్పా పోవాల? నేను చచ్చిపోయినానా? నేరుగా జవళగిరికి, మా చేనికి రా," అన్నాడు చెన్నరాయప్ప. ఆయన గొంతు పెద్దది. చెన్నకేశవకు కూడా వినబడింది. గార్డు జవళగిరి దారి చూపించాడు.

పొద్దు వాలే వేళకు మామ రాగిచేను పక్కన టెంటు లేచింది. కనీసం ఇక్కడైనా ముగ్గురమే ఉన్నామని మోహన్‌కుమార్ అనుకుంటుండగా స్వామి ముందు పాలు పొంగాయి. సరిగ్గా అప్పుడే ఒక టెంపో వచ్చి ఆగింది. అందులోంచి పద్నాలుగు మంది దిగారు. చెన్నరాయప్ప, మంజులమ్మ, పిల్లప్ప, దొడ్డమ్మ, మిగిలిన బంధువర్గం.

"చూసినారా, పాలు కూడా పొంగించేసినాడు," అన్నాడు చెన్నరాయప్ప నీరసంగా.

"మామా, ఇల్లుండాది, పనుండాది. సంతోషానికి బయట పండుకోను వచ్చినాము."

చెన్నరాయప్ప అల్లుణ్ణి జాలిగా చూశాడు. "ఏనుగులు రాగి తినకుండా నలభై ఏండ్లుగా ఈ చేలో పండుకుంటా ఉండాను. ఒక్క రోజన్నా ఆ సంతోషం నాకు కనబడలేదే."

అందరూ తలలూపారు. పని పోయిన దిగులుకు మతి చలించిందన్న నమ్మకం పద్నాలుగు ముఖాల్లోనూ కనబడింది. భూమిక ఇక ఆగలేకపోయింది.

"మా ఇంట్లో చోటు లేదు తాతా. నన్ను దొడ్డమ్మవ్వ పక్కన పండబెడతారు, ఆమె గురక పెడతాది. నాకు అమ్మ పక్కన పండుకోవాలని ఉండాది."

పిల్లప్ప తల దించుకున్నాడు. ఆ ముసలాయన కళ్లలో నీళ్లు చూసి మోహన్‌కుమార్‌కు సిగ్గేసింది. తరిమేద్దామని అతనెప్పుడూ అనుకోలేదు. ఒక్క రాత్రి చాలనుకున్నాడు.

"అట్లా కాదు చిన్నాయనా..."

"అట్లానే అప్పా. ఎనిమిది నెల్లు ఒక మాట అనకుండా ఉండావు. మాకు ఎట్లా తెలుస్తాది?" అని పిల్లప్ప నడుముకున్న ఇంటి తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టాడు.

"ఏమయ్యా, ఇట్లా రా. గాలి బాగా వస్తా ఉండాది," అని ఎక్కడినుంచో దొడ్డమ్మ పిలిచింది. ఆమె ఎప్పుడు దూరిందో, టెంటులో పరుపు మీద కాళ్లు చాచుకుని ఉంది. ఆమెను బయటికి తీసుకురావడానికి పిల్లప్ప లోపలికి వెళ్లాడు. మళ్లీ రాలేదు. కోతలదాకా కావలికి మనిషి దొరకక తిరుగుతున్న చెన్నరాయప్ప ఒక్క క్షణం ఆలోచించి, టెంటు జిప్పు తనే బయటినుంచి మూశాడు.

రాత్రి ఎనిమిది కొట్టేసరికి ముగ్గురూ మూకండపల్లిలో ఉన్నారు. దూడను గుమ్మం పక్కన కట్టేసి, స్వామిని గూట్లో పెట్టి, ఖాళీగా ఉన్న ముందు గదిలో కింద కూర్చుని అన్నం తిన్నారు. భూమిక ఇద్దరి మధ్యా కూర్చుంది. మోహన్‌కుమార్‌కు మొదటి ముద్ద తనే పెట్టింది.

అప్పుడే పిల్లప్ప ఫోను చేసి, టెంటు రెండు రోజుల్లో తిరిగిచ్చేస్తానని మాట ఇచ్చాడు.