అప్పలసూరి మెడ, చిలకమ్మ డాక్టరు

అప్పలసూరి మెడ సోమవారం పొద్దున్న ఎడమవైపు తిరిగి అక్కడే ఆగిపోయింది. పెళ్లయి ఇంకా రెండు నెలలు కాలేదు. గాజువాకలో కాపురం. కొత్త పెళ్లాం కుడిపక్కన నిలబడి కాఫీ ఇస్తే, ఆమె ముఖం చూడ్డానికి లారీ తిప్పినట్టు మనిషి మొత్తం తిరగాల్సి వచ్చేది.

"సూదుల డాక్టరు దగ్గరికెల్దాం బావా," అంది చిలకమ్మ. "చైనా వైద్యమంట. మందూ లేదు, మాత్రా లేదు."

అప్పలసూరికి సూదంటే చచ్చే భయం. ఆ సంగతి చిలకమ్మకు తెలిస్తే ఇంకేమైనా ఉందా? కాలికి పన్నెండు కుట్లు వేస్తుంటే పల్లీలు తింటూ కూర్చున్నానని పెళ్లయిన వారానికే కోతలు కోసేశాడు మరి.

అందుకని ఓ ఉపాయం పన్నాడు. వాడు ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న చోట సరుకు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు. సూదులు వద్దనడం ఎందుకు? ప్రతి డాక్టర్నీ తనిఖీలో ఫెయిల్ చేస్తే సరి.

ద్వారకా నగర్ డాక్టరుకి సోడాబుడ్డి కళ్లద్దాలు. "మెడనుకుని గోడకి పొడిసేత్తాడు. ఫెయిల్."

ఆనందపురం డాక్టరు నడుం పట్టుకుని లేచాడు. "ముందు ఆయన్ని ఆయనే పొడుసుకోమను. ఫెయిల్."

మూడో ఆయన వన్‌టౌన్‌లో నజీర్ అహ్మద్ గారు. కళ్లు బాగున్నాయి. నడుం నిటారుగా ఉంది. మరిగే నీళ్లలోంచి సూదులు మెరుస్తూ లేచాయి. అప్పలసూరికి చెమట పట్టింది.

"మా దగ్గర సాంపిల్ పరీక్ష లేందే ఇటుకని కూడా లోపలికి రానివ్వమండీ," అన్నాడు.

"సాంపిల్ నానే," అని చిలకమ్మ చెయ్యి చాచింది. బిందెలు మోసి భుజం లాగుతోందట. అయిదు సూదులు దిగాయి. ఆమె గాజులు వేయించుకుంటున్నంత హాయిగా కూర్చుంది.

ఇంక తప్పలేదు. అప్పలసూరి డాక్టరు ముందు కూర్చుని, కళ్లు మూసుకుని వీధి అదిరేలా కేక పెట్టాడు.

"ఇంకా దూదితో తుడుస్తున్నానండీ," అన్నారు డాక్టరు గారు.

చిలకమ్మ నవ్వలేదు. "సూదంటే నీకు బయవని అత్త పెళ్లికి ముందే సెప్పింది బావా. టీకాలోళ్లొస్తే గాదెలో దూరీవోడివంట."

"అమ్మే సెప్పిందా?"

"ఈ డాక్టర్ని మొన్ననే సూసుకున్నాను, నా బుజానికి పొడిపించుకుని మరీ. నీ వంకలన్నీ అయిపోవాలని ముందా ఇద్దరి దగ్గిరికీ తిప్పినాను."

అప్పలసూరికి ఒళ్లు మండింది. "ఈ మెడతోటి నన్ను ఆనందపురం దాకా ఊరికే తిప్పినావా? ఇంటికి పద, సెప్తాను. డాక్టరు గారూ, మీరింకెప్పుడు మొదలెడతారు?"

"మీ మెడలో అయిదు సూదులూ దిగి చాలాసేపయిందండీ."

సూదులు తీశాక మెడ మెల్లగా కుడివైపు తిరిగింది. అక్కడ చిలకమ్మ ఉంది. లారీ తిప్పకుండానే కనిపించింది.

బయట బల్ల మీద తన వంతు కోసం కూర్చున్న ముసలమ్మ గులాబ్ బీ అడిగింది. "ఏటి బాబూ, లోపల అంత కేక ఎవులేసినారు?"

"నానే మామ్మా," అంది చిలకమ్మ చప్పున.

అప్పలసూరి తల దించుకున్నాడు. అంతలోనే ఎత్తాడు.

"కాదు మామ్మా, కేకేసింది నాను. మా ఆవిడ అయిదు సూదులకీ కిక్కురుమనలేదు," అన్నాడు, బల్ల మీదున్న వాళ్లందరికీ వినపడేలా, ఆ కేక కన్నా గట్టిగా.